ఆవాలు, కనోలా ఆకు తెగుళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకున్నాను, మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేశాను, ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. ఇన్నేళ్లుగా నా పనంతా ఆవాల కుటుంబం మొక్కల ఆకులతోనే. వాట్సాప్‌లో అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట పెడదామనిపించింది. అడిగేవాళ్లలో పీజీ పిల్లలున్నారు, తెనాలి వైపు కూరగాయలు వేసే రైతులున్నారు, విజయవాడలో మిద్దెతోట పెంచుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు ముక్కల్లో అయిపోతాయి.

మిరప, పత్తి, మినుము ఉన్న ఊళ్లో ఉండి ఈ కనోలా, ఆవాల తెగుళ్లు మనకెందుకు?

ఈ మాట నన్ను అందరికంటే ముందు మా నాన్న అడిగారు. ఆయనకు చెప్పిందే మీకూ చెప్తాను. మామిడికాయల రోజులొస్తే మన ఇళ్లలో ఆవాలు కిలోల లెక్కన కొంటాం. ఆ ఆవాలు ఎక్కువగా పండేది రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ పొలాల్లో. అక్కడ జనవరిలో నాలుగు రోజులు మబ్బు పట్టి, పొద్దున పదింటిదాకా ఆకు తడి ఆరకపోతే ఆకుమచ్చ తెగులు కాయదాకా ఎక్కుతుంది, గింజ సన్నబడుతుంది, నూనె తగ్గుతుంది. మనం ఆవపిండి కొట్టించుకునే గింజే అది. ఇంకో సంగతి, మన దగ్గర శీతాకాలంలో వేసే క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి అన్నీ ఆవాల చుట్టాలే. అక్కడ ఆవాలకొచ్చే తెగుళ్లలో చాలావాటికి ఇక్కడ కాలీఫ్లవర్ కూడా ఇల్లే.

కనోలా అంటే మన ఆవాలేనా?

కాదు, కానీ దగ్గరి బంధువు. రేప్‌సీడ్ అనే నూనెగింజ పంట నుంచి కెనడా శాస్త్రవేత్తలు పెంపకం ద్వారా తీసిన రకాలే కనోలా. పాత రేప్‌సీడ్ నూనెలో ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, పిండిలో గ్లూకోసినోలేట్లు ఎక్కువ. మానిటోబాలో బాల్డర్ స్టెఫాన్‌సన్, సాస్కటూన్‌లో కీత్ డౌనీ ఏళ్ల తరబడి పనిచేసి ఆ రెండింటినీ తగ్గించారు. రెండూ తక్కువున్న మొదటి రకం టవర్, 1974లో వచ్చింది. ఎరూసిక్ ఆమ్లం 2 శాతం లోపు ఉండాలి, నూనె తీసిన పిండిలో గ్లూకోసినోలేట్లు గ్రాముకు 30 మైక్రోమోల్స్ లోపు ఉండాలి, అప్పుడే దాన్ని కనోలా అంటారు. మన ఆవనూనెలో ఎరూసిక్ ఆమ్లం 40 శాతం పైనే ఉంటుంది.

వంటింటి భాషలో చెప్పాలంటే, ఆవపిండిలో నీళ్లు పడగానే ముక్కుకెక్కే ఘాటు ఆ గ్లూకోసినోలేట్లు విరిగితే వచ్చేదే. కనోలా గింజలో అవి దాదాపు లేవు కాబట్టి కనోలా పిండితో ఆవకాయ పెడితే ఆవకాయ కాదు. మన దేశంలోనూ కనోలా తరహా రకాలున్నాయి. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన జీఎస్‌సీ 6, జీఎస్‌సీ 7 అలాంటివే, అక్కడ గోభి సర్సోం అంటారు.

'చుట్టాలు' అంటున్నారు, ఆ చుట్టరికం ఎలా తెలిసింది?

దీన్ని 1935లో నాగహారు ఊ అనే శాస్త్రవేత్త తేల్చారు, ఆయన కొరియా మూలాలున్న జపాన్ శాస్త్రవేత్త. మూడు అసలు జాతులున్నాయి: టర్నిప్, తోరియా అనే ఉత్తరాది నూనెగింజ ఉన్న రాపా, దానికి 10 జతల క్రోమోజోములు; నల్ల ఆవాల నైగ్రా, 8 జతలు; క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉన్న ఒలరేషియా, 9 జతలు. ఇవి రెండేసి కలిస్తే కొత్త జాతులు పుట్టాయి. రాపా, ఒలరేషియా కలిస్తే 19 జతల నేపస్, అంటే కనోలా. రాపా, నైగ్రా కలిస్తే 18 జతల జున్సియా, అంటే మన ఆవాలు. నైగ్రా, ఒలరేషియా కలిస్తే 17 జతల ఇథియోపియా ఆవాలు. కాగితం మీద గీస్తే త్రికోణం వస్తుంది, అందుకే దాన్ని ఊ త్రికోణం అంటారు.

తెగుళ్లవాళ్లకు ఈ త్రికోణం ఎందుకంత ముఖ్యమంటే, ఒక జాతిలో తెగులు తట్టుకునే జన్యువు లేకపోతే పక్కింట్లో అడుక్కోవచ్చు. కనోలాకు కావాల్సింది రాపాలోనో నైగ్రాలోనో దొరకొచ్చు. క్రాసింగ్‌తో దాన్ని తెచ్చుకోవచ్చు, కష్టమే గానీ కుదిరే పని.

ఆకు మీద మచ్చ కనిపించగానే ముందు ఏం చూడాలి?

ఆకు వెనక్కి తిప్పి చూడాలి. నేను అందరికీ చెప్పేది ఇదొక్కటే, ఎన్నిసార్లయినా చెప్తాను. చాలామంది పైనుంచి ఫోటో తీసి, 'మచ్చలొచ్చాయి, ఏ మందు కొట్టాలి' అని అడుగుతారు. పైన పసుపు మచ్చ ఉంటే అది నాలుగైదు రకాల తెగుళ్లలో ఏదైనా కావచ్చు, వెనక చూస్తేనే దాని పేరు తెలుస్తుంది.

వెనక వైపు సున్నం చుక్కల్లా ఉబ్బిన తెల్ల బొబ్బలుంటే తెల్ల తుప్పు. బొబ్బలు లేకుండా బూడిద రంగు కలిసిన పల్చటి నూగు ఉంటే డౌనీ మిల్‌డ్యూ. పిండి చల్లినట్టు పైనా కిందా తెల్లగా ఉండి వేలితో రుద్దితే పోతే బూడిద తెగులు. గోధుమ రంగు మచ్చలో చెట్టు మొద్దు కోసినప్పుడు కనిపించే వలయాల్లా వృత్తంలో వృత్తం ఉంటే ఆల్టర్నేరియా. పాలిపోయిన బూడిద మచ్చలో మిరియం పొడి చల్లినట్టు సన్న నల్ల చుక్కలుంటే బ్లాక్‌లెగ్. ఇక ఆకు అంచు నుంచి లోపలికి 'వి' ఆకారంలో పసుపు దిగి, ఈనెలు నల్లబడితే అది శిలీంధ్రమే కాదు, బ్యాక్టీరియా వల్ల వచ్చే నల్లకుళ్లు. పది రూపాయల భూతద్దం చాలు, చిన్నప్పుడు ఎండలో కాగితం కాల్చడానికి వాడేవాళ్లం కదా, అదే.

ఆల్టర్నేరియా ఆకుమచ్చ అంత మొండిది ఎందుకు?

ముందుగా, అది ఒకటి కాదు. ఆవాల కుటుంబం మీద ముఖ్యంగా రెండున్నాయి. ఆల్టర్నేరియా బ్రాసికే ఎక్కువగా ఆవాలు, కనోలా మీద. ఆల్టర్నేరియా బ్రాసిసికోలా ఎక్కువగా క్యాబేజీ, కాలీఫ్లవర్ మీద. మొదటిదాని మచ్చ కొంచెం బూడిద రంగు, రెండోది మసి పూసినట్టు నల్లగా ఉంటుంది. మైక్రోస్కోప్ కింద పెడితే అసలు అనుమానమే ఉండదు: బ్రాసికే సిద్ధబీజం (శిలీంధ్రానికి విత్తనం లాంటిది) ఒంటరిగా, పొడుగాటి ముక్కుతో, గద ఆకారంలో ఉంటుంది, బ్రాసిసికోలా సిద్ధబీజాలు పొట్టిగా, పూసలు గుచ్చినట్టు వరసగా ఉంటాయి.

మొండితనం సంగతికొస్తే, ఈ శిలీంధ్రం బతికున్న ఆకును నమ్ముకోదు. ముందు విషం వదులుతుంది, బ్రాసికే వదిలే డెస్ట్రక్సిన్ బి అలాంటిదే. కణాలు చస్తాయి, చచ్చిన కణాలను తింటూ పెరుగుతుంది. కాబట్టి ఆకు ఎండినా దానికి నష్టం లేదు. పొలంలో మిగిలిన ఆకుల్లో, కాడల్లో, గింజ పైతొక్క మీద ఉండిపోయి వచ్చే ఏడాదికి తయారుగా ఉంటుంది. చల్లటి, తడి వాతావరణం దానికి పండగ. 15 నుంచి 25 డిగ్రీల వేడి, గాలిలో 90 శాతం పైన తేమ, రాత్రంతా తడిసిన ఆకు, ఈ మూడూ కుదిరితే కింది ఆకు మీద మొదలై కాయదాకా పాకుతుంది. ఉత్తరాదిన విత్తిన 45 రోజులకొకసారి, 75 రోజులకొకసారి ఉద్ధృతి పెరగడం పరిశోధకులు గమనించారు, అక్కడి రైతులు ఆ రోజులు దగ్గరపడుతుంటే పొలం మీద కన్నేసి ఉంచుతారు.

మరి దాన్ని తట్టుకునే ఆవాల రకం లేదా?

పూర్తిగా తట్టుకునేది సాగు చేసే ఆవాల్లో, కనోలాలో లేదు. కొన్ని కాస్త తక్కువగా పాడవుతాయి, అంతే. మా రంగంలో ఎన్నో దశాబ్దాలుగా నలుగుతున్న సమస్య ఇది. బ్లాక్‌లెగ్‌కూ, తెల్ల తుప్పుకూ ఒక్కొక్క పెద్ద జన్యువు పనిచేస్తుంది, ఆల్టర్నేరియాకు అలాంటి ఒక్క తాళంచెవి దొరకలేదు.

తట్టుకునే శక్తి ఉన్నది బయటి చుట్టాల దగ్గర. తెల్ల ఆవాల మొక్క సినాపిస్ ఆల్బా, కామెలినా అనే నూనెగింజ మొక్క, కాప్సెల్లా అనే కలుపుమొక్క, ఇవన్నీ ఆల్టర్నేరియాను బాగా ఎదుర్కొంటాయి. 1991లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంవాళ్లు కామెలినా ఆకుల్లో తెగులు తగిలినప్పుడు మొక్క తనంతట తాను తయారుచేసుకునే పదార్థాలను పట్టుకుని, వాటికి కామలెక్సిన్లు అని పేరు పెట్టారు. శత్రువు వచ్చాక ఇంట్లోనే కత్తి నూరుకోవడం లాంటిది. కానీ ఆ శక్తిని ఆవాల్లోకి తేవడం అంత తేలిక కాదు. జాతులు దూరం కావడంతో క్రాస్ చేస్తే గింజ కట్టదు, కట్టినా లోపలి పిండం మధ్యలో చచ్చిపోతుంది. దాన్ని సరైన రోజున బయటికి తీసి గాజుసీసాలో పోషకాలు పెట్టి బతికించాలి. బతికిన మొక్క గొడ్డుది కావచ్చు. మళ్లీ ఆవాలతో క్రాస్ చేయాలి, మళ్లీ, మళ్లీ. ఇలాంటి పనికి ఒక మనిషి ఉద్యోగ జీవితం సగం పోతుంది, దాన్ని ఓపిగ్గా చేస్తున్న వాళ్లంటే నాకు చాలా గౌరవం.

తెల్ల తుప్పు అంటే ఏంటి? పువ్వు దగ్గర మొక్క వంకర్లు పోతుందట, నిజమేనా?

నిజం. తెల్ల తుప్పుకు కారణం ఆల్బుగో కాండిడా. ఆకు వెనక చర్మం కింద సిద్ధబీజాల సంచులు కోట్లలో తయారై చర్మాన్ని ఉబ్బిస్తాయి, చివరికి పగిలి తెల్ల పొడి రాలుతుంది. ఇది ఆకుమీది కథ. మొక్క లోపలంతా పాకితే పూల గుత్తి లావెక్కి, వంకర తిరిగి, జింక కొమ్ములా తయారవుతుంది. పూరేకులు ఆకుల్లా పచ్చబడతాయి. ఆ కొమ్ములో ఒక్క గింజ కూడా కట్టదు. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు బాగా గుర్తుంది, గట్టిగా, బరువుగా, చల్లగా ఉంది, విరిస్తే పచ్చి చిక్కుడుకాయ విరిచినట్టు శబ్దం వచ్చింది. అది ఎండితే లోపల మందపాటి గోడలున్న సిద్ధబీజాలు నిండుగా ఉంటాయి, నూర్పిళ్లలో ముక్కలై ఆవాలతో కలిసిపోతాయి, మట్టిలో ఏళ్లపాటు ఉంటాయి.

ఇంకో విచిత్రం ఏంటంటే, తెల్ల తుప్పు వచ్చిన ఆకు మీద డౌనీ మిల్‌డ్యూ కూడా తరచుగా కనిపిస్తుంది. ఆల్బుగో మొక్క రక్షణ వ్యవస్థను అణచేస్తుంది, తలుపు తీసి ఉంచినట్టు, వెనక వచ్చినవాడు సులువుగా లోపలికి దూరతాడు.

మా తోటకూర ఆకు వెనక కూడా అచ్చం అలాంటి తెల్ల చుక్కలే ఉన్నాయి. ఆవాల నుంచి వచ్చిందా?

రాలేదు. పటమట రైతు బజార్‌లో ఏ తోటకూర కట్ట విప్పినా ఒకటో రెండో ఆకుల వెనక ఆ చుక్కలుంటాయి, అదీ తెల్ల తుప్పే. కానీ తోటకూర మీదది వేరే జాతి, ఆవాల మీదది వేరే. దీనిది దానికి అంటదు, దానిది దీనికి అంటదు. గంగవాయల కూర మీద వచ్చేది ఇంకో రకం. మిద్దెతోటలో అయితే ఆ ఆకులు తుంచి సంచిలో కట్టి పారేయండి, కంపోస్టులో వేయకండి, సాయంత్రం ఆకుల మీద పడేలా నీళ్లు పోయడం మానేసి పొద్దున మొదట్లో పోయండి. చాలామందికి అంతటితోనే తగ్గుతుంది.

కార్బెండజిమ్ రెండుసార్లు కొట్టినా తెల్ల తుప్పు తగ్గలేదు. మందు నకిలీదా?

నకిలీ అయి ఉండాల్సిన పని లేదు, అసలు మందు కూడా దీని మీద పనిచేయదు. ఎందుకంటే ఆల్బుగో నిజమైన శిలీంధ్రం కాదు. చూడటానికి శిలీంధ్రంలాగే దారాలు దారాలుగా పెరుగుతుంది, పాత పుస్తకాల్లో శిలీంధ్రాల్లోనే చేర్చారు, కానీ వంశం చూస్తే సముద్రపు గోధుమ రంగు నాచుకు దగ్గరిది. దీని కణాల గోడ సెల్యులోజ్‌తో కడుతుంది, అసలు శిలీంధ్రాలకైతే కైటిన్. కార్బెండజిమ్ పనిచేసే చోటు దీంట్లో ఆ మందుకు లొంగదు. డౌనీ మిల్‌డ్యూ, బంగాళదుంప లేట్ బ్లైట్ కూడా ఈ బాపతే, వీటికి మెటలాక్సిల్ లాంటి మందులు పనిచేస్తాయి. అవి తిరిగి ఆల్టర్నేరియా మీద పనిచేయవు.

పేరు తప్పు చెబితే ఏం జరుగుతుందో చూశారు కదా: డబ్బులు పోయాయి, పది రోజులు పోయాయి, తెగులు మాత్రం అలాగే ఉంది.

బూడిద తెగులు, డౌనీ మిల్‌డ్యూ ఒకటేనా?

కాదు. బూడిద తెగులు అసలు శిలీంధ్రమే, పొడి వాతావరణంలో, సీజన్ చివర్లో ఎక్కువ. మన మినుముకు వచ్చే బూడిద తెగులు చూసినవాళ్లు దీన్ని వెంటనే పోల్చుకుంటారు, జాతి మాత్రం వేరు. నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు సరిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టొద్దు, ఆకులు మాడతాయి. డౌనీ మిల్‌డ్యూకు చలి, తడి కావాలి.

బ్లాక్‌లెగ్ గురించి విదేశాల్లో అంత టెన్షన్ ఎందుకు?

కనోలాకు ప్రపంచవ్యాప్తంగా పెద్ద శత్రువు అదే కాబట్టి. లెప్టోస్ఫేరియా మాక్యులాన్స్ అనే శిలీంధ్రం. కోసిన తర్వాత పొలంలో మిగిలిన మోళ్ల మీద బతుకుతుంది, వానలకు దాంట్లోంచి సిద్ధబీజాలు గాల్లోకి లేచి కొత్త మొక్కల లేత ఆకుల మీద పడతాయి. ఆకు మీద ఇందాక చెప్పిన బూడిద మచ్చ, నల్ల చుక్కలు. రైతుకు అది పెద్దగా అనిపించదు, రెండు ఆకులే కదా అనుకుంటాడు. కానీ శిలీంధ్రం అక్కడ ఆగదు. ఆకు కాడలోంచి ఏ గుర్తూ బయటపెట్టకుండా నెలల తరబడి కాండం వైపు దిగుతుంది. పూత అయ్యి కాయ ముదిరే వేళకి మొదలు దగ్గర నల్లగా కుళ్లి మొక్క విరిగి పడుతుంది. ఆకుమచ్చ చూసిన రోజుకీ మొక్క పడిన రోజుకీ మధ్య అంత దూరం ఉంటుంది, అందుకే ఆకుల దశలోనే పట్టుకోవాలని పరిశోధకులంతా మొత్తుకుంటారు.

కెనడా, ఆస్ట్రేలియా, యూరప్ దేశాలు దీనికోసం చాలా ఖర్చుపెట్టాయి. వ్యాపారం మీద కూడా దెబ్బ పడింది. 2009లో చైనా తన దేశంలోకి బ్లాక్‌లెగ్ వస్తుందన్న భయంతో కెనడా కనోలా గింజల మీద ఆంక్షలు పెట్టింది.

తెగులు తట్టుకునే రకం అన్నారు, కొన్నేళ్లకే దానికీ తెగులొచ్చింది. మోసం కాదా?

మోసం కాదు. శిలీంధ్రం మారింది. దీని వెనక లెక్కను 1940ల్లో అమెరికాలో హెచ్.హెచ్. ఫ్లోర్ అవిసె తుప్పు తెగులు మీద పనిచేసి చెప్పారు. మొక్కలో ఒక కాపలా జన్యువు ఉంటుంది, శిలీంధ్రంలో ఆ కాపలావాడు గుర్తుపట్టే ఒక ముఖం ఉంటుంది. గుర్తుపడితే మొక్క ఆ చోట నాలుగు కణాలను చంపేసుకుని తెగులును అక్కడే ఆపేస్తుంది. శిలీంధ్రం ఆ ముఖాన్ని మార్చుకుంటే, లేదా పూర్తిగా వదిలేసుకుంటే, కాపలావాడి కళ్లముందు నుంచే లోపలికి వెళ్లిపోతుంది.

బ్లాక్‌లెగ్‌లో ఇది కళ్లకు కట్టినట్టు జరిగింది. ఆస్ట్రేలియాలో సర్పాస్ 400 అనే కనోలా రకం ఉండేది, రాపా జాతి అడవి చుట్టం నుంచి తెచ్చిన జన్యువుతో బ్లాక్‌లెగ్‌ను అద్భుతంగా తట్టుకునేది. అందరూ అదే వేశారు. పెద్ద ఎత్తున ఒకే తాళం వేస్తే ఏమవుతుంది, దొంగ ఆ ఒక్క తాళం మీదే పడతాడు. 2003లో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఐర్ ద్వీపకల్పంలో ఆ నిరోధక శక్తి కూలిపోయింది, పొలాలు పొలాలు పడిపోయాయి.

అంత తొందరగా ఎలా మారగలిగిందన్నది 2011లో ఆ శిలీంధ్రం జన్యుపటం మొత్తం చదివాక ఇంకా బాగా అర్థమైంది. దాని జన్యుపటంలో మూడో వంతు పైగా, ఖాళీ స్థలాల్లా, పదే పదే వచ్చే చెత్త వరసలతో నిండి ఉంది. కాపలావాడు గుర్తుపట్టే జన్యువులు చాలావరకు సరిగ్గా ఆ చెత్త మధ్యే ఉన్నాయి, ఆ ప్రాంతాల్లో మార్పులు మిగతా చోట్ల కంటే త్వరగా జరుగుతాయి. చదివినప్పుడు ఒళ్లు జలదరించింది నాకు. అందుకే ఇప్పుడు సలహా ఏంటంటే, ఒకే జన్యువున్న రకాన్ని ఏటా వేయొద్దు, మార్చి మార్చి వేయండి, నిరుటి మోళ్లున్న పొలం పక్కనే ఈ ఏడు కనోలా వేయొద్దు. మిరపలోనైనా మినుములోనైనా ఇదే బుద్ధి పనికొస్తుంది.

ఆవాల్లో తెల్ల తుప్పుకైనా మంచి జన్యువు దొరికిందా?

దొరికింది. మన వరుణ లాంటి రకాలు దీనికి సులువుగా లొంగుతాయి. తూర్పు యూరప్ వైపు ఆవాల రకం దోన్‌స్కాయాలో ఉన్న నిరోధక జన్యువును ఢిల్లీ విశ్వవిద్యాలయంవాళ్లు వేరుచేసి 2019లో ప్రచురించారు. దీన్ని మామూలు క్రాసింగ్‌తోనే మన రకాల్లోకి తెచ్చుకోవచ్చు, రెండూ ఒకే జాతి కదా. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఆవాల కోసమే భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) పరిశోధన సంస్థ ఉంది, ఈ పనుల గురించి తెలుసుకోవాలనుకునే విద్యార్థులు ముందు అక్కడి ప్రచురణలు చదవండి.

జీఎం (జన్యుమార్పిడి) ఆవాలు వస్తే ఈ తెగుళ్లు పోతాయా?

పోవు, ఆ మొక్క దానికోసం చేసింది కాదు. డీఎంహెచ్-11 అనే ఆ జీఎం ఆవాల హైబ్రిడ్‌లో పెట్టిన బార్నేజ్, బార్‌స్టార్ జన్యువులు హైబ్రిడ్ విత్తనం తయారీ కోసం, ఇంకోటి కలుపుమందు తట్టుకోవడానికి. 2022 అక్టోబరులో జన్యుమార్పిడి మొక్కలను పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ దాన్ని సిఫారసు చేసింది, 2024 జులైలో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. ఆ వాదన వేరే సంగతి. ఆకుమచ్చ దాని మీదా వస్తుంది.

ల్యాబ్‌లో రోజూ చేసే పని ఎలా ఉంటుంది?

ఎక్కువ భాగం ఓపిక. ఆల్టర్నేరియా అయితే, మచ్చ అంచున పచ్చదనం, గోధుమ రంగు కలిసే చోట చిన్న ముక్క కోసి, పైపైన శుభ్రం చేసి, బంగాళదుంప కషాయంతో చేసిన అగర్ (జెల్లీలా గడ్డకట్టే పదార్థం) మీద పెడతాం. మచ్చ మధ్యలోంచి కోస్తే పనికిరాదు, అక్కడ తర్వాత చేరిన వేరే బూజులుంటాయి. బ్రాసిసికోలా చకచకా పెరిగి ప్లేటంతా నల్లబరుస్తుంది, బ్రాసికే మాత్రం మెల్లగా పెరుగుతుంది, సిద్ధబీజాలు ఇవ్వడానికి ఏడిపిస్తుంది. సిద్ధబీజాలను నీళ్లలో కలిపి, గళ్లున్న గాజుపలక మీద లెక్కపెట్టి, తుంచిన ఆకు మీద చుక్క చుక్కగా పెడతాం, ఆకు తడి కాగితం మీద మూతపెట్టిన గిన్నెలో ఉంటుంది. మర్నాటికి సూదిమొన అంత నల్ల చుక్క. నాలుగో రోజుకి వలయం. ఐదో రోజు స్కేలుతో కొలిచి రాసుకోవడం. వంద రకాలుంటే, రకానికి పది ఆకులైతే, వెయ్యి ఆకులు.

తెల్ల తుప్పుకు అగర్ పనికిరాదు. అది బతికున్న మొక్క మీద తప్ప పెరగదు, కాబట్టి దాన్ని నిలబెట్టాలంటే ఎప్పుడూ మొలకలు పెంచుతూనే ఉండాలి, పండగ సెలవులొచ్చినా ఎవరో ఒకరు నీళ్లు పోయాలి. బొబ్బల్లోని పొడిని నీళ్లలో వేసి 12 డిగ్రీల దగ్గర పెడితే కొన్ని గంటల్లో ఆ సంచుల్లోంచి తోకలున్న చిన్న జీవులు బయటికొచ్చి ఈదుతాయి. మొదటిసారి మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు ఒక గంటసేపు అక్కడినుంచి లేవలేదు. మే నెల గుంటూరు ఎండలో కరెంటు పోతే ఆ 12 డిగ్రీలు నిలబెట్టడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

మందులు, విత్తనశుద్ధి సంగతి సూటిగా చెప్పండి.

తెల్ల తుప్పు వచ్చే చోట్ల ఆవాలకు కిలో విత్తనానికి 6 గ్రాముల మెటలాక్సిల్ 35 పొడి పట్టించి విత్తాలి. ఆకుమచ్చ మొదలైతే మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు, ముఖ్యంగా కింది ఆకులు తడిసేలా కొట్టాలి, అవసరాన్ని బట్టి పది పదిహేను రోజుల తర్వాత మళ్లీ. మెటలాక్సిల్‌ను ఒంటరిగా పదే పదే కొట్టొద్దు, దానికి త్వరగా అలవాటుపడిపోతాయి, మాంకోజెబ్ కలిపి వచ్చేది వాడాలి. డబ్బా మీద మీ పంట పేరు ఉందో లేదో, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో చదవండి.

మందుకంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి. ఉత్తరాదిన ఆవాలు అక్టోబరులో సకాలంలో విత్తితే చలి, మంచు ముదిరేసరికి పంట సగం గట్టెక్కుతుంది, నవంబరులో ఆలస్యంగా విత్తితే లేత మొక్క సరిగ్గా తెగులు నోట్లో పడుతుంది. యూరియా ఎక్కువేసి గుబురు చేస్తే ఆకు ఆరదు. పొటాష్ తగ్గకుండా చూసుకోవాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్ విత్తనం సొంతంగా నారు పోసుకునేవాళ్లు 50 డిగ్రీల వేడినీళ్లలో క్యాబేజీ అయితే 25 నిమిషాలు, కాలీఫ్లవర్ అయితే 20 నిమిషాలు ఉంచి ఆరబెట్టి పోయండి. థర్మామీటర్ లేకుండా అందాజాగా చేయొద్దు, ఐదు డిగ్రీలు ఎక్కువైతే మొలక రాదు.

కాలీఫ్లవర్‌కు మందు కొట్టినా పోలేదు, మీ ఇంట్లోనూ ఇలా జరిగిందా?

మా బాబాయికి తెనాలి దగ్గర అరెకరం కాలీఫ్లవర్. ఆకులు పసుపు పడుతున్నాయని ఫోన్ చేశాడు, నేనప్పుడు ఊళ్లో లేను. షాపులో ఆకు చూపిస్తే ఆకుమచ్చే అని ఒక శిలీంధ్రనాశిని ఇచ్చారు, వారం తర్వాత అంతకంటే ఖరీదైనది ఇచ్చారు. నేను వెళ్లేసరికి మూడు పిచికారీలు అయిపోయాయి. ఆకు కోసి చూస్తే అంచు నుంచి 'వి' ఆకారం, కాడను అడ్డంగా కోస్తే లోపల నల్లటి ఉంగరం. నల్లకుళ్లు, బ్యాక్టీరియా. ఆ మూడు మందుల్లో ఒక్కటీ దాన్ని ముట్టుకోదు. బాబాయి ఏమీ అనలేదు, డబ్బాలు మాత్రం గట్టు మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఈ పేజీ రాయాలని ఆ రోజే అనుకున్నాను.

మచ్చలున్న ఆకు, గింజ తినొచ్చా?

ఈ తెగుళ్లు మనిషికి అంటవు. కొంచెం మచ్చ ఉంటే ఆ ముక్క తీసేసి కడిగి వండుకోండి. బూజు పట్టి మెత్తబడ్డవి, వాసన మారినవి పారేయండి. ఇక నిన్నగాక మొన్న మందు కొట్టిన ఆకు తినొద్దు, భయపడాల్సింది దానికే.

ఫోటో పంపితే తెగులు పేరు చెప్తారా?

చెప్తాను, కానీ ఒక్క ఫోటో సరిపోదు. పొద్దున ఎనిమిది తొమ్మిది మధ్య, మంచు తడి ఇంకా ఉండగా తీయండి, ఎండెక్కితే నూగు కనిపించదు. మొక్క మొత్తం ఒకటి, ఆకు పైన ఒకటి, ఆకు తిప్పి వెనక ఒకటి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి మచ్చను దగ్గరగా ఒకటి. ఏ రోజు విత్తారు, ఏమేం కొట్టారు, పక్క పొలంలో ఏముంది, నిరుడు అదే పొలంలో ఏం వేశారు, రాయండి. అనుమానం తీరకపోతే నాలుగు ఆకులు పాత పేపర్లో చుట్టి గుంటూరు లాం ఫారం పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టకండి, అక్కడికి చేరేసరికి చెమట పట్టి కుళ్లిపోతాయి, అసలు తెగులు ఏదో ఎవరికీ తెలియకుండా పోతుంది.